నాన్న లైసెన్సు నకలు

ఆర్చీ షియరర్‌కి కోపం ముక్కు మీదుంటుంది. కూతురు లోర్నాకి తండ్రి నుంచి సంక్రమించింది ఆ ఒక్కటే. దాన్ని ఆవిడ ఏమాత్రం తరగనివ్వకుండా కాపాడుకుంటూ వచ్చింది. వీళ్లిద్దరూ ఒక వంటింట్లో కూర్చుంటే టీకి పొయ్యి వెలిగించక్కర్లేదని లోర్నా మొగుడు గ్రెగర్ అంటూ ఉండేవాడు. అది వాళ్ల ముందు అనేంత తెలివితక్కువవాడు కాదు కాబట్టే ఆ ఇంట అల్లుడిగా నెగ్గుకొచ్చాడు.

జూన్‌లో ఒక ఆదివారం ఇద్దరూ ఆ వంటింట్లోనే ఉన్నారు. స్కాట్లండులో ఎయిర్‌షైర్ తీరాన, ఉప్పుగాలికి ఏ ఇంటి కిటికీ తెరవని వీధిలో, పెళ్లాం పోయాక ఆర్చీ ఒంటరిగా ఉంటున్న ఇల్లు అది. బల్ల మీద సగం తిన్న సాసేజీ రొట్టె ఉంది. పక్క కుర్చీలో పెద్ద డ్రమ్ము ఉంది. ప్రొటెస్టెంట్ల జులై ఊరేగింపు దగ్గరపడుతోందని ఆర్చీ దాని తాళ్లు బిగిస్తున్నాడు. లోర్నాకి ఏడో నెల. డ్రమ్ము కుర్చీలో ఉంటే ఆవిడ స్టూలు మీద కూర్చుంది. ఆయన చూశాడు, కానీ డ్రమ్ము దించలేదు.

"లైసెన్సు ఇయ్యి నాన్నా," అంది లోర్నా. "ఫొటోకాపీ తీయించి, ఇది అసలుకి సరైన నకలేనని ఒక పెద్దమనిషి చేత సంతకం పెట్టించి, ముద్ర వేయించి, సాయంత్రానికల్లా తెచ్చిచ్చేస్తాను."

"ఇవ్వను."

"ఎందుకివ్వవు?"

"నా లైసెన్సు నా ఇష్టం. అది నేను బండి నడుపుకోడానికిచ్చారు గానీ నువ్వు ఐరిష్‌దానివైపోడానికి కాదు."

"నేను కొత్తగా అయ్యేదేవుంది? మీ అమ్మ ఎక్కడ పుట్టింది?"

ఆర్చీ తాడు లాగడం ఆపాడు. "మా అమ్మ ఊసెత్తావంటే మర్యాదగా ఉండదు," అన్నాడు.

గొడవంతా ఆ తల్లి దగ్గరే ఉంది. ఆర్చీ తల్లి నోరా ఐర్లండులో పుట్టింది. తాతో నాయనమ్మో అక్కడ పుట్టి ఉంటే మనవలు ఎక్కడ పుట్టినా సరే, కాగితాలన్నీ పెట్టి, ఐర్లండు వాళ్ల విదేశీ జననాల రిజిస్టరులో పేరెక్కించుకోవచ్చు. పేరెక్కిన రోజు నుంచీ ఐరిష్ పౌరులు, యూరప్‌లో ఎక్కడైనా బతకొచ్చు. ఆ తర్వాత పుట్టే బిడ్డలకీ ఆ హక్కు వస్తుంది. పేరెక్కక ముందే పుట్టేసిన బిడ్డకి మాత్రం రాదు. తెల్లారితే పేరెక్కుతుందనగా పుట్టినా రాదు. లోర్నా బిడ్డ ఆగస్టులో పుట్టాలి. బిడ్డ కంటే ముందు తన పేరు ఆ రిజిస్టరులో పడాలని ఆవిడ పంతం.

దానికోసం చలికాలమంతా కాళ్లరిగేలా తిరిగింది. నాయనమ్మ పుట్టిన సర్టిఫికెట్టు ఐర్లండు నుంచి తెప్పించింది. ఆవిడ పెళ్లిదీ, పోయినప్పటిదీ, తండ్రి పుట్టినదీ, పెళ్లిదీ, తనవీ, అన్నీ అసలు కాగితాలే, సర్కారువే. చర్చిలో ఇచ్చే బాప్తిస్మం కాగితం పనికిరాదు. తన ఫొటోల వెనక సంతకం చేయడానికి చిన్నప్పటి టీచరమ్మని పట్టుకుంది. ఇక మిగిలింది ఒక్కటే. తండ్రి బతికే ఉన్నాడు కాబట్టి ఫొటో ఉన్న ఆయన కార్డు ఏదైనా, ముద్ర వేయించిన నకలు, జతచేయాలి. ఆర్చీకి పాస్‌పోర్టు లేదు. ఆయన ఎక్కడికీ వెళ్లడు, వెళ్లేవాళ్లంటే ఆయనకి గిట్టదు. ఉన్నది డ్రైవింగు లైసెన్సొక్కటే. అది నిద్రలో కూడా పర్సులోంచి, ఆ పర్సు ఆయన ఒంటి మీది నుంచి కదలవు.

"ఇదంతా ఎవరి పుణ్యమనుకున్నావు?" అంది లోర్నా. "ఫ్రాన్సులో కొండల మీద హోటల్లో నేనూ గ్రెగరూ వంట చేసుకుంటూ హాయిగా బతికేవాళ్లం. నువ్వెళ్లి యూరప్‌తో తెగతెంపులకి ఓటేసొచ్చి ఆ సాయంత్రం వీధిలో డ్రమ్ము వాయించావు. మూటాముల్లే సర్దుకుని మేము తిరిగొచ్చాం. నాకు తలుపు మూశావు, సరే. నా బిడ్డకి మూయనివ్వను."

"బిడ్డకి ఈ దేశం చాలదా?"

"చాలుతుందో లేదో అది పెరిగి చెప్పుకుంటుంది. నువ్వెవరు చెప్పడానికి?"

"తాతని."

"పేరుకి."

ఆర్చీ మళ్లీ తాడందుకున్నాడు. ఆయన అలా బిగదీసుకుని కూర్చుంటే లోర్నాకి ఒళ్లు మండిపోతుంది. అరిస్తే తిరిగి అరవొచ్చు, మాట్లాడని మనిషితో ఏం చేయగలం? నోటికొచ్చింది అనేసింది.

"నువ్వు చచ్చిపోయుంటే నాకింత బాధ లేకపోను. చావు సర్టిఫికెట్టు పెడితే సరిపోతుందని రాశారు. అదైతే ఎవర్నీ బతిమాలక్కర్లేదు."

ఆర్చీ తలెత్తలేదు. "కొంచెం ఓపిక పట్టు," అన్నాడు. "ఆ సర్టిఫికెట్టూ వస్తుంది."

తను అన్న మాటకి లోర్నా బాధపడింది, నేను అబద్ధం చెప్పను. కానీ బాధపడ్డట్టు కనపడటం షియరర్ల ఇంట్లో ఓడిపోవడంతో సమానం. తలుపు విసిరికొట్టి వెళ్లిపోయింది.

నోరా సంగతి చెప్పాలి. ఆవిడ ఇంటిపేరు బానర్. డోనెగాల్ పిల్ల. పదహారో ఏట ఆలుగడ్డలు తవ్వే గుంపుతో పడవెక్కి వచ్చింది. పొద్దంతా బురదలో మోకాళ్ల మీద, రాత్రి పశువుల కొట్టంలో గడ్డి మీద. ఆ గడ్డలు బండికెత్తే షియరర్ కుర్రాడు ఆవిణ్ణి ఇష్టపడ్డాడు. వాళ్లు గట్టి ప్రొటెస్టెంట్లు, ఆ ఊరేగింపుల్లో వేసుకునే నారింజ పట్టీ కట్టని మగాడు ఆ ఇంట్లో లేడు. చేసుకుంటే చేసుకోగానీ ఆ పిల్ల కాథలిక్కన్న మాట ఈ గడప దాటకూడదన్నారు. నోరా ఒప్పుకుంది. అప్పటినుంచి ఎవరడిగినా ఆవిడది యాంట్రిమ్, ఉత్తర ఐర్లండులో మనవాళ్లుండే వైపు. ఆ అబద్ధం ముందు మావగారిది, తర్వాత మొగుడిది, ఆ తర్వాత ఆర్చీది. వంశపారంపర్యంగా నడిచిన అబద్ధం నిజం కంటే గట్టిగా ఉంటుంది. దాని మీదే ఆర్చీ పెరిగాడు, పెళ్లాడాడు, ఫ్లూటు బ్యాండులో పెద్ద డ్రమ్ము మోశాడు. ఐరిష్ కాథలిక్కులంటే పబ్బులో ఆయన ఆడిపోసుకున్నంతగా ఆ తీరంలో ఎవరూ ఆడిపోసుకోలేదు. దొంగ సొత్తు దాచుకున్నవాడే వీధిలో దొంగ దొంగ అని అరుస్తాడు కదా, ఆ బాపతు.

చివరి ఏడాది మంచాన పడ్డప్పుడు నోరా ఒంటికి నీళ్లు పోసింది లోర్నాయే. దిండు కింద జపమాల చూసింది. అడిగితే ముసలావిడ అంతా చెప్పేసింది, మీ నాన్నకి చెప్పకు, వాడికి తెలుసని నాకు తెలుసని వాడికి తెలీదు అంది. లోర్నా చెప్పలేదు. ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. అందుకే తండ్రి ఇప్పుడు ఇంత మొండికేయడం ఆవిడకి ద్రోహంలా తోచింది. నేను నీ పరువు కాచాను, నువ్వు నా బిడ్డకి ఒక్క కాగితం ఇవ్వలేవా అని.

వారం తిరక్కుండా డాక్టరు ఇంకో మాట చెప్పాడు. లోర్నాకి రక్తపోటు ఎగబాకుతోంది, ఇలాగే ఉంటే ఆగస్టు దాకా ఆగనివ్వం, ముందే కాన్పు చేస్తామన్నాడు. లోర్నా ఐర్లండు ఆఫీసుకి ఫోను చేసింది. అవతలి పిల్ల మర్యాదగానే మాట్లాడింది. డాక్టరు ఉత్తరం జతచేస్తే మీ దరఖాస్తు ముందుకి జరుపుతాం, కానీ అన్ని కాగితాలూ ఉండాలి, ఒక్కటి తగ్గినా పక్కన పెట్టడం తప్ప ఏమీ చేయలేం అంది. నాన్న ఇవ్వనంటున్నాడని లోర్నా చెప్పింది. "మాకు ఇలాంటివి చాలా వస్తుంటాయండి," అని మాత్రం అంది ఆ పిల్ల.

ఈసారి గ్రెగర్‌ని పంపింది. గ్రెగర్ మెత్తని మనిషి, రెండు బీరు సీసాలు పట్టుకుని వెళ్లాడు. ఆర్చీ ఒకటి తాగాడు, రెండోది ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడు, తర్వాత చెప్పాడు.

"ఆ నకలు మీద ముద్ర ఎవడేస్తాడో చెప్పు అల్లుడూ. లాయరా? వాడు మా బ్యాండులో ఫ్లూటు. బ్యాంకు మేనేజరా? మా బ్యాండు పెద్ద హ్యూకి బావమరిది. డాక్టరు దగ్గర చీటీలు రాసేది మా వీధి చివరి మనిషి. పోలీసుకి చూపించానే అనుకో, సాయంత్రానికి పబ్బులో నా గ్లాసు పక్కనే నా తల్లి జాతకం కూడా పెడతారు. దేనికయ్యా ఈ కాపీ అని అడక్కుండా ముద్రేసేవాడు ఈ ఊళ్లో ఎవడున్నాడు?"

"అయితే నాకివ్వు మావయ్యా. వేరే ఊరెళ్లి నేను చేయించుకొస్తా."

"నీకా? నీ చేతికిస్తే నా కూతురి చేతికిచ్చినట్టే. అది నెమ్మదిగా మాట్లాడే మనిషి కాదు, కేకలు వేసే మనిషి. దాని నోట్లో నా పరువు పెట్టమంటావా?"

"అది నీ కూతురు."

"అందుకే చెప్తున్నా. నా గురించి నాకు తెలీదా?"

గ్రెగర్ వచ్చి ఈ సంభాషణ అప్పజెప్పాడు. తెలివైనవాడైతే చివరి మాటలు మింగేవాడు. మింగలేదు.

లోర్నా అప్పటికప్పుడు ఫోను చేసింది. "నా నోటి మీద నమ్మకం లేదన్నావటగా."

"ఉన్నమాటే అన్నాను."

"డాక్టరు ముందే కాన్పంటున్నాడు నాన్నా. నాకు టైము లేదు."

"నీకెలా ఉంది?" అన్నాడు ఆర్చీ. ఆ గొంతులో ఏదో ఉంది, కానీ కోపంలో ఉన్నవాళ్ల చెవులు ఎన్నడూ సరిగ్గా పనిచేయవు.

"నాకెలా ఉంటే నీకెందుకు. లైసెన్సు ఇస్తావా ఇవ్వవా?"

"ఊరేగింపు అయ్యాక చూద్దాం," అన్నాడు ఆర్చీ, అని పెట్టేశాడు.

ఊరేగింపు అయ్యాక. బిడ్డ కంటే డ్రమ్ము ముందన్నమాట. లోర్నా ఆ మాట పట్టుకుని మూడు పూటలు వేగింది. గురువారం ఆఖరిసారి అడుగుదామని తనే వెళ్లింది. తాళం. వాకిట్లో కారు లేదు. ఎక్కడికీ వెళ్లని మనిషి ఎక్కడికి వెళ్లాడు? సాయంత్రం మళ్లీ వెళ్తే ఇంకా తాళం. పక్కింటావిడ కంచె మీద నుంచి తొంగిచూసి, "పొద్దున్నే సూటు వేసుకుని పోయాడమ్మా, ఎక్కడికని అడిగితే నీకెందుకన్నాడు," అంది.

"నా మొహం చూడలేక దాక్కుంటున్నాడు," అంది లోర్నా గ్రెగర్‌తో. "దాక్కోనీ. శనివారం ఎక్కడ దాక్కుంటాడో చూస్తాను. ఊరంతా వీధిలో ఉంటుంది, పెద్ద డ్రమ్ముతో నడిబొడ్డులో ఉంటాడు."

"లోర్నా, వద్దు," అన్నాడు గ్రెగర్.

"నువ్వు వాళ్ల పార్టీనా?"

"నేను నీ రక్తపోటు పార్టీ."

ఆవిడ నవ్వలేదు. తాడో పేడో తేల్చుకోవాలనుకున్న మనిషికి హాస్యం చేదుగా ఉంటుంది.

శనివారం ఎండ కాసింది, అది ఆ తీరంలో విశేషమే. పెద్ద వీధి పొడవునా జనం మడత కుర్చీలు వేసుకున్నారు, బ్యానర్లు గాలికి ఉబ్బాయి, ఒకదాని వెనక ఒకటి బ్యాండ్లు వచ్చాయి. ఆ వీధి మధ్యలోనే కాథలిక్కుల చర్చి ఉంది. ఏ బ్యాండైనా దాని ముందుకొచ్చేసరికి వాయించడం ఆపాలి. ఫ్లూట్లు దించుతారు, పెద్ద డ్రమ్ము మూగబోతుంది, అడుగు తప్పకుండా చిన్న డ్రమ్ము మీద ఒక్క పుల్లతో టక్, టక్ అని కొడతారు. చర్చి దాటాక మళ్లీ మొదలు, ఆపిన కసి తీరేలా ఇంకాస్త గట్టిగా. మా చిన్నతనం నుంచీ అంతే. ఆ కాసేపు వీధిలో అడుగుల చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. ఎవరైనా దగ్గితే అవతలి పేవ్‌మెంటుకి వినపడుతుంది.

లోర్నా ఆ చర్చి గేటు ముందు నిలబడింది. గ్రెగర్ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

ఆర్చీ బ్యాండు వచ్చింది. ముందు హ్యూ పేటర్సన్, చేతిలో కర్ర, మెడ నిటారుగా. మధ్యలో పెద్ద డ్రమ్ము, దాని వెనక ఆర్చీ ఎర్రబడ్డ మొహం. గేటు దగ్గరకొచ్చారు. ఫ్లూట్లు దిగాయి. ఆర్చీ చేతులు డ్రమ్ముకి అటూ ఇటూ వేలాడాయి. టక్, టక్.

లోర్నా రోడ్డు మీదకి దిగి ఆయనకి ఎదురుగా నిలబడింది. "నాన్నా, లైసెన్సు," అంది.

బ్యాండు ఆగిపోయింది. గర్భిణీని తోసుకుంటూ పోయే ధైర్యం ఎంత గట్టివాడికైనా ఉండదు. హ్యూ వెనక్కి తిరిగాడు. "అమ్మాయ్, ఇదేం పని? పక్కకి జరుగు. మీ ఇంటి గొడవ ఇంట్లో చూసుకోండి."

"ఇంట్లో తాళం వేసుకుంటున్నాడు హ్యూ బాబాయ్. అందుకే రోడ్డుకొచ్చాను."

"లోర్నా," అన్నాడు ఆర్చీ మెల్లగా, "ఇంటికెళ్లు."

ఇంటికెళ్లు. చిన్నపిల్లని తరిమినట్టు, అంతమంది ముందు. ఇన్ని నెలలుగా గొంతులో అడ్డం పడింది ఆ మాటతో బయటికొచ్చేసింది. ఆవిడ తండ్రితో మాట్లాడలేదు, హ్యూ వైపు తిరిగి, వీధి చివరికి వినపడేలా చెప్పింది.

"మీ పెద్ద డ్రమ్ము ఎవరి కొడుకో తెలుసా బాబాయ్? నోరా బానర్ కొడుకు. యాంట్రిమ్ కాదు, పాడూ కాదు, డోనెగాల్. ఆలుగడ్డలు తవ్వుకోడానికొచ్చిన కాథలిక్కు పిల్ల. చచ్చేదాకా దిండు కింద జపమాల పెట్టుకుని పడుకుంది. సర్టిఫికెట్టు నా దగ్గరుంది, కావాలంటే చదువుకోండి. నా బిడ్డకి ఒక్క కాపీ ఇమ్మంటే, మీ అందరి ముందు తలెత్తుకోలేనని ఇవ్వట్లేదు ఈ పెద్దమనిషి. ఇప్పుడింక దాచుకోడానికేం లేదు. ఇయ్యి నాన్నా."

టక్ టక్ కూడా ఆగిపోయింది. వెనక వరసలో ఎవడో కుర్రాడు ఫక్కున నవ్వాడు, పక్కవాడు మోచేత్తో పొడిచాడు. మడత కుర్చీల్లోంచి ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. హ్యూ మొహం చూస్తే, ఆయన్నెవరో ఇన్నేళ్లూ మోసం చేసినట్టుంది.

"ఆర్చీ," అన్నాడు, "ఏంట్రా ఇది? నిజమేనా?"

కాదనేస్తే సరిపోను. పిచ్చిదిరా, కడుపుతో ఉంది, ఏదో వాగుతోందంటే సగం మంది నమ్మేవాళ్లు, మిగతా సగం నమ్మినట్టు నటించేవాళ్లు. ఊళ్లో పరువులన్నీ అలా నిలబడ్డవే. ఆర్చీ మెడలోంచి పట్టీ తీశాడు. డ్రమ్ముని బిడ్డని దించినట్టు రోడ్డు మీద దించాడు. పుల్లలు హ్యూ చేతిలో పెట్టాడు.

"నిజమే," అన్నాడు.

కూతురి వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, వెనక వస్తున్న బ్యాండ్ల మధ్యలోంచి, ఊరేగింపుకి ఎదురు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయనకి దారి ఇచ్చారు. భుజం మీద చెయ్యి వేసినవాడు ఒక్కడూ లేడు.

ఇంటిదాకా లోర్నా గబగబా నడిచింది. గెలిచానని అనుకోడానికి ప్రయత్నిస్తోందని గ్రెగర్‌కి అర్థమైంది. లైసెన్సు ఇవ్వలేదు కాబట్టి గెలవనూ లేదు. మెట్లెక్కుతుంటే ఆయాసపడింది. తలుపు తీశాక లోపల చాప మీద పొద్దుటి టపా పడుంది. కరెంటు బిల్లు, పిజ్జా కాగితం, వాటి కింద గోధుమరంగు కవరు. అడ్రసు పెద్ద పెద్ద అక్షరాల్లో, స్కూలు పిల్లాడు రాసినట్టు. తండ్రి చేతిరాత.

లోపల ఉత్తరం లేదు. ఒక్క కాగితం. ఆర్చీ లైసెన్సు ముందూ వెనకా ఒకే పేజీలో, ఫొటోలో కెమెరాతో కూడా కొట్లాడినట్టున్న మొహం. కింద శుభ్రమైన రాతలో, ఇది నేను చూసిన అసలుకి సరైన నకలు అని, సంతకం, గురువారం తేదీ, పక్కనే గుండ్రటి ముద్ర. ముద్ర చుట్టూ అక్షరాలు గ్రెగర్ చదివాడు. తీరం వెంబడి పైనున్న ఊళ్లోని కాథలిక్కు చర్చి. సంతకం అక్కడి ఫాదరుది.

"సూటు వేసుకుని వెళ్లింది ఇందుకా," అన్నాడు గ్రెగర్.

లోర్నా మెట్టు మీద కూలబడింది. అర్థం చేసుకోడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. ఊళ్లో ఎవడి ముద్ర అడిగినా మాట హ్యూ చెవిన పడుతుంది. హ్యూ చెవిన ఎప్పటికీ పడని ముద్ర ఒక్కటే ఉంది. జన్మలో కాథలిక్కు చర్చి గడప తొక్కని మనిషి, తొక్కినవాళ్లని తిట్టిన మనిషి, సూటు వేసుకుని వెళ్లి, తల వంచి ఆ ముద్ర అడిగి తెచ్చాడు. ఊరేగింపు అయ్యాక మాట్లాడుకుందాం, ఈ లోపు కాగితం దాని దారిన అది చేరుతుందనుకున్నాడు. ఇంటికెళ్లు అంటే తరమడం కాదు, కవరు చూసుకోమని. లోర్నాకి తన మీద తనకే అసహ్యమేసింది. ఏడవబోతే ఏడుపు రాలేదు.

కాగితాలు సోమవారమే పంపారు. బిడ్డ కంటే ముందే లోర్నా పేరు రిజిస్టరుకెక్కింది కూడా. ఆ బిడ్డ హక్కుకి ఏ లోటూ రాలేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ శనివారం సాయంత్రం తండ్రి తలుపు ముందు నిలబడ్డప్పుడు లోర్నాకి ఆ ఊసే లేదు.

బెల్లు కొట్టింది. చాలాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. గొలుసు తీయలేదు. ఆర్చీ ఇంకా బ్యాండు యూనిఫారం ప్యాంటులోనే ఉన్నాడు, కాళ్లకి మేజోళ్లు మాత్రమే.

"కవరొచ్చింది నాన్నా," అంది లోర్నా.

"వచ్చిందా. మంచిది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడమెందుకు? పంపాను కదా."

"ఫోనులో ఒక్క మాట అంటే..."

"ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనిచ్చావా?" అన్నాడు ఆర్చీ. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే లోర్నాకి దారి తెలిసేది.

"నీకు ఆ చర్చి ఎలా తెలుసు?" అంది.

ఆర్చీ తలుపు అంచు పట్టుకున్నాడు. "మీ నాయనమ్మకి నడక పోయాక ఆదివారాలు అక్కడికి పూజకి తీసుకెళ్లింది ఎవరనుకున్నావు? బజారుకెళ్తున్నాం అనేది, నేను సరే అనేవాణ్ణి. ఆవిణ్ణి గేటు దగ్గర దింపి, వీధి మలుపులో కారు పెట్టుకుని, ఎవరూ చూడకుండా సీట్లో కిందకి జారి కూర్చునేవాణ్ణి. గురువారం వెళ్తే ఆ ఫాదరు నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నువ్వు కారులో ఉండిపోయే అబ్బాయివి కదూ, అన్నాడు. లోపలికి రా, టీ తాగు, అన్నాడు."

"తాగావా?"

"తాగాను."

లోర్నా గొలుసు మీద చెయ్యి వేసింది. "తలుపు తియ్యి నాన్నా. తప్పయిపోయింది."

"నువ్వు చెప్పింది అబద్ధమేం కాదుగా," అన్నాడు ఆర్చీ. "అది చెప్పేదేదో నేనే ఎప్పుడో చెప్పుండాల్సింది. చెబుదామనే అనుకున్నాను, ఈ ఒక్క ఊరేగింపు అయ్యాక. నా నోటితో చెబుదామనుకున్నాను లోర్నా. మా అమ్మ గురించి ఆ ఒక్క మాటైనా నా నోటితో చెబుదామనుకున్నాను."

ఆవిడ ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"చల్లగాలిలో నిలబడకు, నీ ఒంట్లో బాగోలేదు. బిడ్డ పుట్టాక ఫొటో పంపు," అన్నాడు. "పోస్టులో పంపు."

తలుపు వేసుకున్నాడు. విసిరికొట్టలేదు, నెమ్మదిగా వేసుకున్నాడు. లోపల గడియ పడ్డ చప్పుడు లోర్నాకి వినపడింది.